ఖాలీ

మా మేనమామ ఎవ్వల్నీ నమ్మకపోయేటోడు. అందరికంటె ముందు తన కండ్లనే నమ్మకపోయేటోడు.

సిద్దిపేటల ఆయనకు విత్తనాల దుకాణం ఉండె. గురి కొట్టుడు నేర్సుకోవాలని యాభై దాటినంక బుద్ధి పుట్టింది. లైసెన్సు వచ్చినంక, పాత రివాల్వర్ కొననీకి నన్ను హైదరాబాద్ తోల్కపోయిండు.

తుపాకుల దుకాణపాయన ఏది చూపిచ్చినా మామ అడిగింది ఒక్కటే. "గీన్ని మొదటాయన ఎందుకు అమ్ముకున్నడు?"

"నాకేం ఎరుక సార్? ఖాలీనే ఉన్నది, పట్టుకొని సూడున్రి."

మామ గుండ్లు పెట్టే చక్రం తెరిచి, పొక్కలను వెలుతురుకు పెట్టి సూసిండు. మళ్ల నా చేతికిచ్చిండు. "నా కండ్లను నమ్మకు అల్లుడా. నువ్వు గూడ సూడు."

నచ్చినదాని చెక్కపిడి ఆయన చేతికి లావైంది. దాన్ని సన్నగ గీకిపిచ్చి, గురి సరిచేపిచ్చి తెచ్చుకున్నడు.

ప్రాక్టీసుకు పోయొచ్చిన ప్రతిసారి ఇంట్ల గదే తంతు. తను సూసి అత్తకు ఇచ్చేటోడు. అత్త బియ్యం చేట పక్కకు పెట్టి, వాకిట్లకొచ్చి, పొక్క పొక్క సూసి "ఖాలీ" అనేది. గా మాట విన్నంకనే మామ బీరువల పెట్టి తాళమేసేటోడు. ఆయన చాదస్తాన్ని అత్త తిట్టేది గని, సూడకుండ ఎన్నడూ చెప్పలే.

పోయిన యేడాది అత్త కాలం చేసింది. దినాలైనంక మామ నన్ను మళ్ల గదే దుకాణానికి తోల్కపోయిండు.

దుకాణపాయన రివాల్వర్‌ను అటుఇటు తిప్పిండు. "మంచిగనే ఉన్నది గద సార్, ఎందుకు అమ్ముతున్నరు?"

"ఖాలీ అని చెప్పేటోళ్లు ఇంట్ల లేరు" అన్నడు మామ.