నిరూపించాల్సింది వాళ్లు

మా పక్కింటి వెల్డింగు మేస్త్రి మొన్న మంగళవారం పొద్దున పోయాడు. టీ గ్లాసు అందుకోబోతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. వాళ్లావిడ గోడ అవతల నుంచి అరిస్తే పరిగెత్తాను, అప్పటికే అయిపోయింది.

దర్శి చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని ట్రాక్టరు ట్రక్కు లేదు. వాళ్లావిడ ఏళ్ల తరబడి మిరపకాయల ముచ్చికలు తీసే కూలికి వెళ్లేది. సాయంత్రానికి చేతులు భగ్గున మండి అన్నం కలుపుకోలేకపోతే ఆయనే ముద్దలు పెట్టేవాడు. అది చూడలేకే ఆరేళ్లు కిందా మీదా పడి, కాయ చిట్లకుండా ముచ్చిక మాత్రం ఊడదీసే మిషను చేశాడు.

పేటెంటుకి పెట్టించింది నేనే. లాయరు గుమాస్తాగా చేసినవాణ్ణి, ఆ మాత్రం తెలుసనుకున్నాను. ఆఫీసు నుంచి అభ్యంతరం వచ్చింది. పత్తి కట్టె పీకే మిషనొకటి, బీన్సు తొడిమలు తుంచేదొకటి పాతవున్నాయట. రెండూ కలిపితే ఇదేనట, పని తెలిసిన ఎవడికైనా ఇట్టే తడుతుందట! నాకు ఒళ్లు మండింది. "తడుతుందన్నది మీరు. ఆ రెంటినీ ఎవడైనా ఎందుకు కలుపుతాడో మీరే చూపించాలి" అని నాలుగు పేజీలు రాసి పంపాను.

"పెద్దాఫీసు, మరీ అంత గట్టిగా ఎందుకండీ" అన్నాడు మేస్త్రి.

విచారణ మా ఇంట్లో, కంప్యూటర్లోనే జరిగింది. అధికారి తెలుగువాడే. నా ప్రశ్నకి జవాబు దొరక్క కాగితాలు తిప్పుతున్నాడు. గెలిచామనుకున్నాను. అంతలో ఆయన మర్యాదకి, "బాగా చేశారండీ మేస్త్రి గారూ" అన్నాడు.

మెచ్చుకుంటే మనం ఒప్పుకుంటామా? కూర బాగుందంటే ఉప్పు తగ్గిందంటాం. మేస్త్రి సిగ్గుపడిపోయి చేతులు జోడించాడు.

"అబ్బే, నాదేముందండీ! మా షెడ్డులో పనిచేసే ఎవరికైనా తట్టేదే."

నేను కాలు తొక్కేలోపే అనేశాడు. ఆ మాటే ఉత్తర్వులో రాసి దరఖాస్తు కొట్టేశారు. వాళ్లు వెతుక్కోవాల్సిన రుజువు ఈయనే చేతిలో పెట్టాడు. "ఏం నోరండీ అది!" అని కేకలేసి, వారం రోజులు మాట్లాడ్డం మానేశాను. తప్పు నాది. మిషను గురించి అన్నీ చెప్పించాను గానీ, పొగిడితే ఊరుకోమని చెప్పలేదు.

"నా పేరున్న కాయితం మా ఆవిడ చేతిలో పెడదామనుకున్నానండీ" అన్నాడొకసారి. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

దినానికి ఫ్లెక్సీ వేయిస్తుంటే, మిషను కనిపెట్టాడని రాయించమంది ఆమె. వాళ్ల కొడుకు నా వైపు తిరిగి, "ఎవరైనా రుజువేదని అడిగితే, మామయ్యా?" అన్నాడు. నేను నోరెత్తలేదు. పాడు గుమాస్తా బుద్ధి!

ఈ పొద్దున ఫ్లెక్సీ వీధి మొగలో కట్టారు. ఆమెకి చదువు రాదు.

"మిషను సంగతి ఎక్కడ రాశారు అన్నయ్య గారూ?" అని అడిగింది.

ఫొటో కింద పేరు కాక ఉన్నవి రెండే మాటలు, 'వెల్డింగు మేస్త్రి'. వాటి మీద వేలు పెట్టి చూపించాను. ఆమె కొంగుతో ఆ అక్షరాల మీది దుమ్ము తుడిచింది.