పొగగొట్టమెక్కిన ఓడ తాత

మొన్న ఐతారం మా ఓడ తాత పోయిండు. రోగమొచ్చి కాదు. వరంగల్‌ల మా మిల్లు పొగగొట్టం మీదికెల్లి పడి పోయిండు. "తాగి ఎక్కిండు" అని గుత్తేదారు కనబడ్డోనికల్లా చెప్తాండు. అది అబద్ధం. అందుకే రాస్తున్న.

తాతది కాకినాడ దిక్కు. వయసుల ఉన్నప్పుడు తెరచాప ఓడల మీద ఖలాసీ. గాలివానల గూడ తెరచాప కొయ్య కొసకు పాకి చాపలు చుట్టెటోడట. ఆ ఓడలకు రోజులు చెల్లినంక, ఎత్తులెక్కే పని వెతుక్కుంట మా ఊరికొచ్చిండు. సముద్రం మొహం చూడని మిల్లు కూలోళ్లం మేం. "తాతా, వడ్డేపల్లి చెర్ల ఓడ నడుపుతవా?" అని ఎక్కిరిస్తుంటిమి.

"నీ పెళ్లికి నడుపుతాలేరా. ముందు పిల్లనిచ్చేవాణ్ణి చూసుకో."

ఓడ కొయ్యను నిలబెట్టేది దాని లావు కాదు, చుట్టూ లాగి కట్టిన మోకులనేటోడు. "ఒక్క మోకు వదిలిందా, ఎంత మానైనా పుల్లేరా." ఓడ మీది ఆనవాయితీ ఒకటి మిల్లుకు గూడ తెచ్చిండు. ముడేసినోడే ముందు వేలాడాలె. తను వేలాడి, పైకెల్లి ఈల వేస్తేనే మేం ఎక్కాలె.

ఆ ఐతారం మిల్లు బంద్. పొగగొట్టానికి ఇనుప పట్టీలు బిగించాలె. గుత్తేదారు తెచ్చిన మోకు నల్లగ మెరుస్తాంది. ఓడల మీద తాడు నానకుండ తారు పూస్తరు. ఈయన కుళ్లు కనబడకుండ పూయించిండు. తాత పురి విప్పి వాసన చూసిండు.

"ఇది చచ్చిన తాడు బాబూ. కొత్తది తెప్పించండి."

"ముసలోనికి భయమైతాంది. నువ్వెక్కురా," అని గుత్తేదారు నా దిక్కు తిరిగిండు. "లేకుంటె రేపటి సంది గేటు బయటనే."

ఇంట్ల పొయ్యి నా కూలి మీదనే వెలగాలె. మోకు భుజానికేసుకున్న. తాత గుంజుకున్నడు.

"ఆగెహె. ముడి నాది."

ఇనుప మెట్లెక్కిండు. కొసన కట్టిండు. వేలాడిండు. ఈల వినబడలే.

తెగిన మోకుతోని కింద పడ్డాయనను ఎత్తుకున్నది నేనే. ఆయన ఒంటి మీద తారు వాసన తప్ప కల్లు వాసన లేదు. ఆ తాడుకు వేలాడవలసినోన్ని నేను. ఇయ్యాల అన్నం తింటాన్నంటే ఆయన పెట్టిందే.

తెల్లారి గుత్తేదారు కొత్త మోకు పంపిండు. ఎవ్వలం ముట్టలే. గేటు పక్కన కట్ట విప్పకుండ పడున్నది, వానల నానుకుంట. దాని నడుమ ఒక కుక్క ముడుసుకొని పండుకున్నది.