ఉత్తరం ఒక రాత్రి నిద్ర చేయాలి

మొన్న మా బావ కూతురు తన ఆఫీసులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొత్త మెయిల్ సర్వీసుకు మారుతున్నామని చెబుతూ అందులోని ఒక సదుపాయం చూపించింది. పంపేసిన మెయిల్‌ని కొన్ని సెకన్లలోపు వెనక్కి తీసుకోవచ్చట. ఎంత బాగుందో చూశావా పిన్నీ అని మురిసిపోయింది. బాగుందన్నాను గానీ నాకు నవ్వు ఆగలేదు. అదే పాలకొల్లులో, అదే లేసుల వ్యాపారంలో, ఆ పిల్ల తాతగారి హయాంలో మేము ఒక్కొక్క ఉత్తరానికి రాత్రంతా గడువిచ్చేవాళ్ళం. ఆ ఒక్క రాత్రి కోసమే మా ఆఫీసులోకి లైనక్స్ అనే మాట వచ్చిందంటే ఆ పిల్ల నమ్మలేదు. మన ఈడువాళ్ళయితే నమ్ముతారని ఇలా రాస్తున్నాను.

ఆ తాతగారు నాకు మేనమామ. మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటిపని తెమిల్చుకుని అరుగుల మీద చేరి అల్లే లేసు టేబుల్‌క్లాతులను ఆయన విదేశాలకు ఎగుమతి చేసేవారు. ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పని నాది. రాసిన రోజున ఉత్తరం గడప దాటకూడదన్నది మామయ్య నియమం. సాయంత్రం దాన్ని దేవుడి పటం ముందు పెట్టి, మర్నాడు పూజయ్యాక మళ్ళీ చదివించుకుని, అప్పుడు పోస్టుకు ఇచ్చేవారు. మనం అంతర్వేది వెళ్ళి నిద్ర చేసి వస్తామే, అలాగే ఉత్తరం కూడా ఒక రాత్రి నిద్ర చేయాలనేవారు. మొదట్లో నాకు అది చాదస్తంగానే తోచేది. సగం ఉత్తరాల్లో మర్నాడు ఏదో ఒక మాట మార్చవలసి వచ్చేసరికి నోరు మూసుకున్నాను.

ఆయనకి ఇంకో ఆచారం కూడా ఉండేది. ప్రతి ఆర్డరులోనూ అల్లిక పూర్తయిన మొదటి బట్టకి ఓ మూల పసుపు రాసి, దాన్ని అమ్మకుండా బీరువాలో దాచేవాళ్ళు. అన్నేళ్ళలో ఒక్కసారి మాత్రం ఆ పసుపు బట్ట పొరపాటున బేలులో పడి సముద్రం దాటింది. అప్పటికి ఆఫీసులో కంప్యూటర్లు, ఫోన్ లైను మీద గీపెట్టే ఇంటర్నెట్టు వచ్చాయి, ఉత్తరాల పని మామయ్య కొడుకైన మా బావ చేతికి వెళ్ళింది. మా బావ మనసు వెన్న, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. సరుకు మీద మరకలున్నాయని మా పెద్ద బేరగాడు మెయిల్ పెట్టగానే, అది మరక కాదు మా మంగళ చిహ్నం, తెలియకపోతే తెలుసుకోండి, లేదా సరుకు ఇంకెక్కడైనా కొనుక్కోండి అని అక్కడికక్కడే జవాబు కొట్టేశాడు. ఆయన నిజంగానే ఇంకెక్కడో కొనుక్కున్నాడు.

ఆ వానాకాలం ఊళ్ళలో సగం అరుగులు ఖాళీ. పనుందా అమ్మా అని ఆడవాళ్ళు ఆఫీసు గుమ్మంలోకి వచ్చి అడిగి వెళ్ళేవారు. మామయ్య బావని ఒక్క మాట అనలేదు. అందుకే బావ మరింత నలిగిపోయాడు. కొన్నాళ్ళు చూసి, మెయిళ్ళకు మనకంటూ ఒక పద్ధతి కావాలని మామయ్య తేల్చారు.

మెయిల్ సాఫ్ట్‌వేరు అమ్మడానికి రాజమండ్రి నుంచి టై కట్టుకుని వచ్చినాయన మంచి మంచి బొమ్మలు చూపించి, మనిషికింతని ఏటేటా లైసెన్సు కట్టాలన్నాడు. మామయ్య అంతా శ్రద్ధగా విని, రాసిన ఉత్తరాన్ని మర్నాడు పొద్దుటిదాకా ఆపగలదా అని అడిగారు. ఆయన పెద్దగా నవ్వి, మెయిల్ ఉన్నదే క్షణంలో చేరడానికండి అన్నాడు. మామయ్య కాఫీ ఇప్పించి పంపేశారు. ఊరికే వచ్చే మెయిలుంది కదా అని బావ గొణిగాడు గానీ, కొంప ముంచింది అదేనని తనకీ తెలుసు.

చివరికి మా పిన్ని గారి అల్లుడు వచ్చాడు. భీమవరం ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు. లైనక్స్ అని కంప్యూటర్ని నడిపే సాఫ్ట్‌వేరు ఒకటుందనీ, లైసెన్సు బెడద లేదనీ, మూలనున్న పాత కంప్యూటరు దానికి చాలనీ చెప్పాడు. దాని లోపలి పనితీరంతా తెరిచే ఉంటుంది కనక మనకు కావలసినట్టు అమర్చుకోవచ్చన్నాడు. వైరస్‌ల గోల కూడా తక్కువట. కరెంటు పోతే ఏం గతి అని నేను, చెడిపోతే బాగుచేసేదెవరని బావ అడ్డు ప్రశ్నలు వేశాం. అతను దేనికీ విసుక్కోలేదు. మామయ్య మళ్ళీ అదే మాట అడిగారు. అతను నవ్వకుండా కాసేపు ఆలోచించాడు.

“ఆపడం తేలికేనండి. పొద్దున్నే వదిలేదెవరో చెప్పండి చాలు.”

మామయ్య మొహం విప్పారింది. “నేనే వదులుతాను బాబూ” అన్నారు.

అలా మూలనున్న ఆ పాత కంప్యూటరే మా ఆఫీసు మెయిళ్ళన్నీ చూసుకునే లైనక్స్ సర్వరు అయింది. దాని తెర మీద లైనక్స్ గుర్తుగా ఉండే పెంగ్విన్‌ని లేసులు తెచ్చే ఆడవాళ్ళు బాతనే పిలిచేవారు. ఎవరు ఏ మెయిల్ రాసినా అది సర్వరులో వరుసగా ఆగి ఉండేది. పొద్దున్న పూజ ముగించి, విభూతి రేఖలతోనే వచ్చి కూర్చుని, మామయ్య ఒక్కొక్కటీ నాచేత చదివించుకునేవారు. నేను నేర్పిన రెండు ముక్కలూ ఒంటి వేలితో కొట్టి వాటిని వదిలేవారు. అందులోంచి వెళ్ళిన మొదటి ఉత్తరం ఆ పాత బేరగాడికే. పసుపు సంగతంతా వివరించి, పొరపాటు మాదేనని రాశాం. మర్నాడు చదివినప్పుడు మామయ్య అందులో మేము చెప్పుకున్న సాకులన్నీ తీయించేశారు. క్షమాపణ మాత్రం మిగిలింది. చిన్న ఆర్డరొకటి తిరిగి వచ్చింది, తర్వాత పెద్దవీ వచ్చాయి. అరుగుల మీద మళ్ళీ కబుర్లు మొదలయ్యాయని విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

కొన్నేళ్ళ తర్వాత ఒక తెల్లవారుజామున, పూజకి లేవకుండానే మామయ్య వెళ్ళిపోయారు. కర్మకాండలన్నీ అయ్యాక ఆఫీసు తెరిస్తే, ఆయన పోవడానికి ముందురోజు మేము రాసిన మెయిళ్ళు సర్వరులో అలాగే ఆగి ఉన్నాయి. బావ ఆయన కుర్చీలో కూర్చుని అన్నీ చదివాడు. మార్చవలసిన మాట ఒక్కటీ లేదు. ఇప్పటికే ఆలస్యమైంది, వదిలెయ్యమన్నాను. కీబోర్డు మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఇవాళ్టికి ఉండనీవే. నాన్నగారు చదవలేదు కదా.”

క్షణం ఆగలేని మా బావ అన్న మాట అది. మర్నాడు తలస్నానం చేసి వచ్చి, ఒక్కొక్కటీ మళ్ళీ చదివి వదిలాడు. తనకు ఓపికున్నంత కాలం అలాగే చేశాడు.

ఆ పాత కంప్యూటరు ఏనాడో పోయింది. ఈ కొత్త సర్వీసులో ఉత్తరాన్ని రాత్రికి ఆపవచ్చా అని నేనూ మొన్న బావ కూతుర్ని అడిగాను. ఎందుకు ఆపలేం పిన్నీ, రేపు పొద్దున్న ఇన్నింటికి పంపమంటే అదే పంపేస్తుంది, మనం చూడక్కర్లేదు అంది. సంతోషమే. కానీ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి, నిన్నటి మాటను మళ్ళీ ఒకసారి చదివి, ఇక వెళ్ళిరా అని వదిలే మనిషి మాత్రం ఆ కుర్చీలో లేడు.