చూస్తూ ఉండిపోయిన కిటికీ

విన్నీ షటిల్‌వర్త్ మా ఎదురింటి మనిషి. మంచిదా అంటే ఏం చెప్పను, నోటి దురుసు ఎక్కువ. రొట్టె పల్చగా కోసేది, మాట మాత్రం ఎముక దాకా కోసేది. ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగాల్సినవాళ్లంతా ఇంకొకడు రాసింది చదివి, ఆవిడంటే అంతే అనుకున్నారు. ఆ ఇంకొకడి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

వాడి పేరు క్లిఫర్డ్ ఆర్మరాడ్. విన్నీ పక్కింటి ముసలావిడ కొడుకు. లండన్‌లో చదివి, అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. తల్లి మంచాన పడితే క్రిస్మస్‌కి వచ్చి మొహం చూపించి పోయేవాడు. ఆవిడకి జావ తాగించిందీ, మంచం మీది దుప్పట్లు ఉతికిందీ విన్నీయే. ఉతుకుతూ తిట్టేది కూడా. "ఏడీ నీ కొడుకు? వచ్చి తల్లి గుడ్డలు ముట్టుకుంటే వాడి చేతులు అరిగిపోతాయా?" అని గోడలదిరేలా అరిచేది. ఆ అరుపులు వీధికి వినిపించాయి. దుప్పట్లు వెనక పెరట్లో ఆరాయి కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

కొన్నాళ్లకి ముసలావిడ పోయింది. మా లాంకషైర్ మిల్లు వీధుల్లో శవం బండి కదిలే వేళకి ప్రతి ఇంటి ముందుగది కర్టెన్లు మూసెయ్యాలి. చుట్టం కాకపోయినా, పోయిన మనిషితో పడకపోయినా మూయాల్సిందే. మూయకపోతే శవం మొహాన ఉమ్మేసినట్టే లెక్క. ఆ రోజు మా వీధిలో విన్నీ కిటికీ ఒక్కటే తెరిచి ఉంది.

ఎందుకంటే ఆ ఇంట్లో మూసేవాళ్లెవరూ లేరు. విన్నీ భర్త వాల్ట్ మిల్లులో ఉన్నాడు. విన్నీ తెల్లారకముందే చర్చి వెనకగదికి పోయింది, ఆ హడావిడిలో కర్టెన్ల సంగతి తలపుకే రాలేదు. సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్లకి ఉడికించిన పంది తొడ మాంసం, రొట్టె, టీ పెట్టి పంపాలి. అది పెట్టలేని ఇంటికి మా దగ్గర పరువుండదు. కొడుక్కి ఆ ఊసే పట్టలేదు. మాంసం తెచ్చిందీ, కోసిందీ, రొట్టెలకి వెన్న రాసిందీ విన్నీ. ఆ గదిలో ఉన్నది ముగ్గురం: విన్నీ, నేను, మూలింటి ఎనిడ్ హెస్కెత్. మా ఇంట్లో కర్టెన్లు మా అమ్మ మూసింది, ఎనిడ్ ఇంట్లో దాని మొగుడు మూశాడు. పళ్లేలు ఎనిడ్ బయటికి పట్టుకెళ్లింది. మెప్పు కూడా అదే పట్టుకెళ్లింది. క్లిఫర్డ్ అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత వాడు నవల రాశాడు. వీధి మాదే, పేర్లు మాత్రం మార్చాడు. విన్నీని మిన్నీ చేశాడు, పాపం ఎంత కష్టపడ్డాడో! శవయాత్ర దగ్గర ఈ వాక్యం రాశాడు: "వీధి వీధంతా కళ్లు మూసుకుంది, మిన్నీ కిటికీ ఒక్కటే చూస్తూ ఉండిపోయింది." అక్కడితో అధ్యాయం అయిపోయింది. ఎందుకు చూస్తూ ఉండిపోయిందో పుస్తకంలో ఇంకెక్కడా లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. కాకపోతే వీడు ఎవరింట్లో తిన్నాడో కూడా తెలియకుండా లెక్కపెట్టాడు.

లైబ్రరీలో మంగళవారాలు పుస్తకాల సంఘం కూర్చునేది. ఆ ఒక్క వాక్యం మీద నెలల తరబడి కొట్టుకున్నారు. అది పగ అన్నాడు బడి పంతులు బ్లీజ్‌డేల్. అది తిరుగుబాటు, కట్టుబాట్లకి తలవంచని ఆడదాని ధైర్యం అంది లైబ్రరీ అమ్మాయి. మాంచెస్టర్ నుంచి ఒక ప్రొఫెసరుని పిలిపించారు. ఆయన గడ్డం నిమురుకుని, ఆ కిటికీ మనిషిది కానే కాదు, సాక్షాత్తూ మృత్యువు అన్నాడు. ఇంత తర్జనభర్జన చేసినవాళ్లలో ఒక్కరైనా వీధి దాటి విన్నీ తలుపు తట్టలేదు.

"నేను మృత్యువునట, హెట్టీ," అంది విన్నీ నాతో. "అయితే మొదట ఆ పంతులింటికే పోతాను."

వీధికి మాత్రం పంతులు చెప్పిందే నచ్చింది. తిట్టిన నోరు తెలుసుగా, పగే అయ్యుంటుంది అన్నారు. నేను జరిగింది చెప్పాను. "నువ్వు దాని జట్టు, అలాగే చెబుతావులే," అన్నారు. చర్చిలో విన్నీని మాంసం కోసే బల్ల దగ్గర్నుంచి గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి మార్చారు. ఆ తర్వాత వాల్ట్ పోయాడు. వాల్ట్ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. వాల్ట్ శవం బండి కదిలే వేళకి వీధిలో సగం కిటికీలు తెరిచే ఉన్నాయి. విన్నీ కారులోంచి ఒక్కో కిటికీనీ చూసింది. కళ్లు తుడుచుకోలేదు. పక్కన కూర్చున్న నాకు మాత్రం ఆ ఇళ్లన్నీ తగలబెట్టాలనిపించింది.

అప్పట్నుంచి విన్నీకి కావలసింది ఒక్కటే. ఆ ముసలావిడ శవాన్ని తను అవమానించలేదని, రాసినవాడి నోటితోనే ఈ వీధి వినాలి.

క్లిఫర్డ్‌కి లైబ్రరీలో సన్మానం పెట్టారు. వీధంతా వచ్చింది. ప్రశ్నలు అడగమన్నారు. విన్నీ లేచింది.

"క్లిఫర్డ్, ఆ కిటికీ ఎందుకు తెరిచుంది?"

వాడు చేతులు చాచి నవ్వాడు. "విన్నీ అత్తా! బాగున్నావా? అది చదివేవాళ్ల ఇష్టం అత్తా. రాసినవాడే చెప్పేస్తే వాక్యం చచ్చిపోతుంది."

"చస్తే చావనీ. నేను బతికున్నాను కదా, నా సంగతి చెప్పు."

"అది నువ్వు కాదత్తా, మిన్నీ. ఉత్త కల్పన."

"మా ఆయన శవం పోతుంటే వీళ్లంతా గుడ్లప్పగించి చూశారు. ఆ శవం కూడా కల్పనేనా?"

ఎవరో దగ్గారు. క్లిఫర్డ్ మంచినీళ్లు తాగాడు.

"పోనీ ఇది చెప్పు. మీ అమ్మని పాతిపెట్టి వచ్చి రెండుసార్లు తిన్నావే, ఆ మాంసం ఎవరు కోశారురా?"

"చర్చివాళ్లు... కదా?" అన్నాడు.

అది నటన కాదు. వాడికి నిజంగానే తెలియదు. తెలిసి దాచి ఉంటే ఇంత అసహ్యం వేసేది కాదు నాకు.

నేను లేచి, "కోసింది విన్నీ! అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను," అన్నాను. "నువ్వు కూర్చో హెట్టీ, నీ సంగతి తెలిసిందేగా," అన్నాడు బ్లీజ్‌డేల్.

విన్నీ ఎనిడ్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. నువ్వూ ఉన్నావుగా."

ఎనిడ్ ఒళ్లోని సంచీ సర్దుకుంది. "ఎప్పటి మాటో విన్నీ, నాకేం గుర్తుంటుంది? పుస్తకంలో అయితే అలా లేదు మరి."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆ మాంసం తిన్న నోళ్లు ఆ గదిలో ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. విన్నీ కోటు తొడుక్కుని బయటికి నడిచింది.

ఆ చలికాలంలోనే విన్నీ చనిపోయింది. దాంతో మా వీధికి ఆవిడ మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. నవల్లోని మిన్నీ అంత్యక్రియలకు పేపరువాళ్లు ఫొటోలు తీయడానికి వస్తున్నారని తెలిసింది మరి. లండన్ నుంచి క్లిఫర్డ్ పెద్ద పూలదండ పంపాడు. ఆ ఉదయం మా వీధిలో ఒక్క కిటికీ కూడా తెరిచి లేదు. ఎనిడ్ అయితే కర్టెన్లు ఇస్త్రీ చేయించి మరీ వేసింది. అందరూ చీకటి గదుల్లో, మంచి బట్టల్లో, బండి చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. మూల మీద ఫొటోగ్రాఫరు చేతులు రుద్దుకుంటూ ఉన్నాడు.

బండి ఆ వీధిలోకి రానే లేదు. విన్నీ మంచాన ఉండగానే శవపేటికల ఆయన్ని పిలిపించి, చెత్తబండి తిరిగే వెనక సందులోంచి తీసుకుపొమ్మని మాట తీసుకుంది. బండి వెంట కారులో నేను ఒక్కదాన్నే ఉన్నాను. పెరటి గోడలు, బొగ్గు కొట్లు, ఆరేసిన దుప్పట్లు దాటుకుంటూ నెమ్మదిగా పోయాం. ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది.

సాయంత్రం ఎనిడ్ నా తలుపు బాదింది. ఇంకా ఆ మంచి బట్టల్లోనే ఉంది.

"ఏమైంది ఆ బండి? మధ్యాహ్నం దాకా ఎదురుచూశాం. కాళ్లు పడిపోయాయి తెలుసా? ఎప్పుడు పోయింది?"

"మీరు నిలబడి ఉండగానే పోయింది," అన్నాను. "మీ వెనక నుంచి."