రెండో మీట

సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. సత్తుపల్లిలో విస్తర్ల మిషన్లు తయారుచేసే షెడ్డులో డిజైనర్‌గా పనిచేసేదాన్ని. పెడల్ తొక్కితే పై అచ్చు దిగే పాత డిజైన్‌ని, రెండు చేతులతో రెండు మీటలు పట్టుకుంటేనే దిగేలా మార్చాను. "పని లేటయితది, ఎవరు కొంటరమ్మా?" అని విసుక్కుంటూనే మా ఓనరు ఒకటి చేయించారు.

భద్రాచలం అడవి పక్క ఊళ్లో, విస్తర్లు చేసి అమ్ముకునే సమ్మక్క మా ఇద్దరి ముందు దాన్ని నడిపి చూస్తోంది. వేడి అచ్చు దిగుతుండగా ఓ మేకపిల్ల, విస్తరికని అచ్చు కింద పరిచిన అడ్డాకు కోసం అందులో మూతి పెట్టింది. దాన్ని నెట్టడానికి సమ్మక్క ఒక మీట వదిలి, చెయ్యి లోపల పెట్టేసింది! నా గుండె ఆగినంత పనైంది.

కానీ ఆగింది అచ్చు. ఆమె వేళ్లకు బెత్తెడు పైన.

"మీట ఇడిస్తే ఆగిందేంది!" అంటూ సమ్మక్క నవ్వింది. ఓనరు నవ్వలేదు. "పాత మిషన్లు ఏ ఊళ్లల్ల ఉన్నయో యాది చెయ్యమ్మా. ఇయ్యాల్నే పోయి అన్నీ మారుద్దాం" అన్నారు.

ఇప్పటికీ విస్తరిలో అన్నం వడ్డిస్తుంటే నాకు ఆ వేళ్లే కనిపిస్తాయి.