పెట్రోల్ మూత మీది బొట్టు

పటాన్‌చెరు ఉస్తాద్ పోయిండు. పోయిన బుధవారం పొద్దుగాల చాయ్ తాగి, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండని ఆయన బిడ్డ ఫోన్ల చెప్పింది. ఏడ్చిన. తక్లీఫ్ పడకుండ పోయిండని జెర నిమ్మళమయింది గూడ. మీ ఇంట్ల కార్బొరేటర్ ఉన్న పాత కారుంటే, ఈ మెకానిక్ సంగతి మీకు చెప్పాలె.

మాకుంది. నాయిన కారు, వయసుల నాకంటె పెద్దది. నాయిన పోయినంక అమ్మ తన నుదుటికి బొట్టు మానేసింది గని, శుక్రవారం శుక్రవారం బండికి మాత్రం పెట్టేది. బానెట్‌కు, చక్రాలకు, ఆఖరికి పెట్రోల్ మూతకు గూడ తడి పసుపు మెత్తి, మీద కుంకుమ. "బండి తినే నోరు గదనే అది, బొట్టు లేకుంటె ఎట్ల?" అనేది.

గా బండి మూడేండ్ల కింద సతాయించుడు షురూ జేసింది. నేను జిన్నారం దిక్కు మందుల కంపెనీల నౌకరి జేస్త. ఇల్లు దాటినంక అర్ధగంట మంచిగ నడుస్తది, దగ్గి ఆగుతది. కాసేపు ఊకుంటె మళ్ల లేస్తది. పంపు మార్పిచ్చిన, ఫిల్టర్ మార్పిచ్చిన. అన్న "తుక్కుకిచ్చెయ్" అన్నడు. అమ్మ రెండు దినాలు అన్నం సరిగ తినలే.

ఆఖరికి బండిని ఉస్తాద్ షెడ్డుకు తీస్కపోయిన. ఆయన కార్బొరేటర్ ఇప్పి కడిగిండు. తెల్లారి మళ్ల ఆగింది. షెడ్డు కాడికి పోయి అందరి ముంగట లొల్లి పెట్టిన. "మంచి పార్టు తీసి పాతది ఏసినవా ఏంది?" ఇప్పటికీ యాదికొస్తె సిగ్గైతది. ఆయన సాసర్ల చాయ్ ఊదుకుంట, "బండి అబద్ధమాడదు బేటా, మనమే సరిగ అడుగుతలేం. పా, నేను గూడ వస్త," అన్నడు.

పక్క సీట్ల కండ్లు మూసుకొని కూసున్నడు. బొంతపల్లి కమాన్ దగ్గర బండి ఆగింది. నేను బానెట్ లేపబోతుంటె, ఆయన ఎన్కకు పోయి పెట్రోల్ మూతకు చెవి ఆనిచ్చి మెల్లగ తిప్పిండు. సుయ్యిమని గాలి లోపలికి గుంజుకున్నది.

"ఇగ సెల్ఫ్ కొట్టు."

ఒక్కసారికే లేసింది!

మూతకు సన్న బెజ్జం ఉంటదట. పెట్రోల్ తగ్గేకొద్దీ అక్కడికెల్లి గాలి లోపలికి పోవాలె. పోకుంటె టాంకి బిగబట్టుకుంటది, పంపు ఎంత గుంజినా చుక్క రాదు. మా మూత బెజ్జం మీద ఎన్ని శుక్రవారాల పసుపో గట్టిపడి ఉంది. అక్కడనే మాఫ్ జెయ్యమన్న. "నేను గూడ ముందలనే ఎతికిన గద, ఎన్క సూడలే," అని నవ్విండు. సూదితోని బెజ్జం గెలికి, ఆ సూది నా చేతిల పెట్టి, "అక్కకు చెప్పకు బేటా. తెలిస్తె ఇగ బండికి గూడ బొట్టు పెట్టదు," అన్నడు. ఇంటికొచ్చి అమ్మతోని, "టాంకిల కచరా ఉండె అక్కా, తీసేసిన. ఇగ ఫికర్ లేదు," అన్నడు. ఆయన నోట నేనిన్న అబద్ధం అదొక్కటే.

అప్పటికెల్లి శనివారం శనివారం అమ్మ సూడకుండ బెజ్జం పొడిసేదాన్ని. ఒక్కోసారి ముందే తెరుసుకొని ఉండేది. ఎండకు పసుపు రాలిందనుకున్న.

మొన్న శుక్రవారం ఉస్తాద్ ఇంటికి పోదామని బండి తీస్తున్న. అమ్మ మూతకు బొట్టు పెట్టింది. పెట్టి, కొంగుకున్న పిన్నీసు తీసి నడిమిట్ల టక్కున పొడిసింది.

"గట్ల సూస్తవేందే? నువ్వు పొడిసిన బొక్క నాకు కనబడదా? గప్పటి సంది నేను గూడ పొడుస్తనే ఉన్న."

"మరి చెప్పకపోతివేందమ్మా?"

"నా మనసు నొవ్వొద్దనే గద ఆయన అబద్ధమాడిండు. నాకు తెలిసిందంటె పాపం, చిన్నబోడా?"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇన్నేండ్లు దాచిన బరువు దిగిపోయింది. అమ్మ ఉస్తాద్ కూసున్న సీట్లనే కూసున్నది. బండి ఎక్కడా ఆగలే. ఆయన ఇంటి ముంగట దిగి ఎన్కకు తిరిగి సూసిన. మూత మీద ఇంక తడి ఆరని కుంకుమ, దాని నడుమ పిన్నీసు మొనంత నల్ల చుక్క.