బోరు మింగిన పైసలు

నల్గొండ పోయే బస్సుల కిటికీ పక్కన కూసున్న. బయట చేన్ల ఎవరో పత్తికట్టె కాలవెడుతున్నరు. ఆ పొగ ముక్కుకు తగలంగనే మా అమ్మ పొయ్యి యాదికొచ్చింది.

నేను మూడో తరగతిల ఉన్నప్పుడు బాపు అప్పు తెచ్చి చేన్ల రెండు బోర్లు ఏపిచ్చిండు. చుక్క నీళ్లు పడలే. "పైసలన్నీ బోరు మింగింది," అని బాపు తల పట్టుకొని కూసుంటే, అమ్మ జర గూడ ఫికర్ చెయ్యలే.

"మింగితే మింగనియ్యి. నేను పొయ్యిలకెల్లి తీస్త," అన్నది.

నేను గది నిజమే అనుకున్న. తెల్లారంగనే పుల్ల తీస్కొని పొయ్యిల బూడిదంత కెలికిన.

"ఏం దేవులాడుతున్నవే?" అన్నది అమ్మ.

"పైసలు."

అమ్మ పడిపడి నవ్వింది. "ఇప్పుడే యాడ దొరుకుతయి బిడ్డా, జర ఆగు."

అప్పటిసంది చుట్టాలొస్తెనే గ్యాస్ ముట్టిచ్చేది. వంటకు మా చేన్ల పత్తికట్టె, గిన్నెలు తోమనీకి పొయ్యిల బూడిద. బర్రె పాలన్నీ పాలకేంద్రానికి పోతుండె, మాకు నల్ల చాయ. మిగిలిన ప్రతి రూపాయి అప్పుకే.

కొన్నేండ్లకు అప్పిచ్చినాయన ఆఖరి కిస్తు తీస్కపోయిండు. ఆ పొద్దు అమ్మ గ్యాస్ ముట్టిచ్చి చిక్కటి పాల చాయ పెట్టింది.

"పైసలు దొరికినయా అమ్మా?"

"దొరికినయి. అన్నీ పొయ్యిలనే ఉండె," అని గిలాస నా చేతికిచ్చింది.

బాపు ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ముంచిన బోరు సంగతే చెప్తడు. తేల్చిన పొయ్యి సంగతి ఎవరు చెప్పాలె? నేనే చెప్తున్న.